పద్నాలుగు మందిలో నలుగురు

ఆ గురువారం ఉదయం అపర్ణ పెట్టుకున్న పనులు మూడే. తొమ్మిదిలోగా దొండకాయ వేపుడు, చారు ముగించడం. పన్నెండులోగా కథలోంచి నలుగురు మనుషుల్ని తీసేయడం. సాయంత్రం ఐదులోగా స్క్రీన్‌ప్లే హైదరాబాద్ పంపడం. మొదటిది ఎనిమిదిన్నరకే అయిపోయింది. రెండోది పది రోజులుగా కావడం లేదు.

అది ఆమె రాసిన మొదటి పెద్ద సినిమా. సాగర్ కాలువ చివరి భూములకు నీళ్ళు అందక, ఒక ఊళ్ళో ఎవరో తెల్లవారుజామున తూము తలుపు ఎత్తేస్తారు. ఎవరన్నదే కథ. దాని ముగింపే ఆమెకింకా కుదరలేదు. డైరెక్టర్ కావ్యకు కథ నచ్చింది కానీ, జనం ఎక్కువయ్యారంది. "పద్నాలుగు మంది అంటే ప్రొడ్యూసర్ తెరవకుండానే పక్కన పెడతారక్కా. పదిమందే ఉండాలి. ఎవరు లేకపోయినా కథ నడుస్తుందో వాళ్ళని తీసేయండి. రేపు ఐదు దాటితే ఆయన మళ్ళీ దొరకరు," అని ముందురోజు ఫోన్లో మళ్ళీ చెప్పింది. అపర్ణకేమో ఎవరిని తీసినా కథ ఆగిపోయేలా కనబడింది.

చిక్కంతా పేర్లతో వచ్చింది. కల్పించిన పేర్లు పెడితే పాత్రలు వార్తలు చదువుతున్నట్టు మాట్లాడుతున్నాయి. అందుకని నరసరావుపేటలో తాముండే వీధిలోని వాళ్ళ పేర్లే తాత్కాలికంగా పెట్టుకుంది. గోపాలకృష్ణయ్య అని రాయగానే ఆ పాత్ర గొంతు సవరించుకుంది. కోటమ్మ అని రాశాక ఆవిడ మాట ఆపడమే కష్టమైంది. పది రోజులు కలిసి బతికాక ఎవరిని బయటికి పంపుతుంది?

అందరినీ ఒకే కాగితం మీద చూస్తే తేలుతుందేమోనని పాత్రల వివరాలను ఫోటో తీసి, టైపు చేయమని భర్త భరత్‌కు పంపింది. అతనికి కోర్టు ఎదురుగా టైపింగ్ సెంటరుంది. పన్నెండేళ్ళుగా ఫిర్యాదులూ పిటిషన్లే కొట్టిన వేళ్ళు ఆ రోజూ తమ పని తాము చేసుకుపోయాయి. పైన 'విషయం: సాగర్ కాలువ తూము తలుపు ఎత్తిన సంగతి' అని పడింది. కింద వరుసగా పేరు, వయసు, వృత్తి, చేసిన పని. చివర 'తగు చర్య తీసుకోవలసినదిగా ప్రార్థన.' పొడవాటి లీగల్ కాగితం మీద ప్రింటు తీసి, బల్ల మీద పెట్టి, భరత్ టీకి వెళ్ళాడు.

అప్పుడే బండి కాగితాల జెరాక్సు కోసం మెకానిక్ అబ్దుల్ రహీమ్ వచ్చాడు. వాళ్ళ ఇంటికి నాలుగిళ్ళ అవతలే ఉంటాడు. బల్ల మీద తన పేరు కనిపించింది. 'అబ్దుల్ రహీమ్, 52, మోటారు మెకానిక్. తలుపు ఎత్తుటకు స్పానర్ ఇచ్చినాడు.' జెరాక్సు సంగతి మరిచి, కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని, బండెక్కి వచ్చేశాడు. పది గంటలకల్లా పద్నాలుగు మంది దగ్గరా ఆ ఫోటో ఉంది.

పదింబావుకు ఎదురింటి గోపాలకృష్ణయ్య, భార్య కోటమ్మ మెట్లెక్కారు. ఆయనకు మాచవరం దగ్గర నాలుగెకరాల పొలం.

"అమ్మా అపర్ణా, మేం నీకేం అపకారం చేశామే?" అన్నాడాయన.

వాళ్ళ పేర్లు వాడుకున్న సంగతి తెలిసిపోయిందని అపర్ణ సిగ్గుపడింది. "తప్పే బాబాయ్. ముందే అడగాల్సింది."

"అడిగి రాస్తారటే ఇట్టాంటియ్యి?" అంది కోటమ్మ. "యాడికి పంపుతున్నావ్?"

"హైదరాబాదుకి పిన్నీ. సాయంత్రం ఐదింటికల్లా పోవాలి. అక్కడ పెద్దాయన చూసి ఒక నిర్ణయం తీసుకుంటారు."

గోపాలకృష్ణయ్య అరుగు మీద కూలబడ్డాడు. "కలెక్టరాఫీసు గూడా కాదు, ఏకంగా హైదరాబాదే."

"మీరు దిగులుపడకండి. నలుగుర్ని ఎట్టాగూ తీసేస్తా. ఎవర్ని తియ్యాలో తేలకే ఛస్తున్నా."

"మరి మిగిలిన పదిమంది?"

"వాళ్ళని మాత్రం చివరిదాకా వదిలేది లేదు బాబాయ్," అని అపర్ణ ధైర్యం చెప్పింది.

ఆయన ఆ ధైర్యంతో నేరుగా లాయర్ కృపాదానం ఇంటికి వెళ్ళాడు. కృపాదానం కాగితం రెండుసార్లు చదివాడు. కేసంటే ఏళ్ళు పడుతుంది, రాజీ అయితే ఒక పూట చాలన్నాడు. పల్నాడులో ఆ మాట అన్నాక కుర్చీలు వాటంతటవే వచ్చేస్తాయి. మూడు గంటలకు అపర్ణ వరండాలో పద్నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, లాయరుగారికి చేతుల కుర్చీ పడ్డాయి. నలుగుర్ని తేల్చడానికి సాయం వచ్చారనుకుని అపర్ణ నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని కూర్చుంది.

"ఒక్కొక్కరుగా చెప్పండి. నలుగురికే అవకాశం," అన్నాడు కృపాదానం.

రహీమ్ లేచాడు. "నేనిచ్చింది స్పానరు. అది ఏ కొట్లోనైనా దొరుకుద్ది. నేను లేకపోయినా ఆ తలుపు లేస్తది చెల్లెమ్మా."

అపర్ణ పెన్సిలు ఆగింది. కావ్య పది రోజులుగా చెబుతున్నది ఇదే. రహీమ్ పేరు కొట్టేసింది.

బట్టలు కుట్టే అక్కాచెల్లెళ్ళు ఫిలోమినా, ఎస్తేరు కలిసే లేచారు. "ఆ టయానికి మేం చర్చిలో ఉన్నాం. మాకు ఈ గొడవలో పనే లేదక్కా."

నిజమే. కథలో కూడా వాళ్ళకు పనే లేదు. రెండు గీతలు పడ్డాయి.

కోటమ్మ లేవకుండానే చెప్పింది. "ఈయన ఏదంటే నేనూ అదే అన్నా. ఒకే మాటకి ఇద్దరెందుకే? ఆయన్ని ఉంచుకో."

"ఏమే," అన్నాడు గోపాలకృష్ణయ్య.

"ఇంట్లో ఒకళ్ళన్నా మిగలాలిగా."

ఒకే మాట చెప్పే రెండు పాత్రల్ని కలిపేయవచ్చన్నది అపర్ణకు అప్పటిదాకా తట్టలేదు. నాలుగో గీత పడింది. పది రోజుల పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మిగిలిన పదిమందిలో ఒక నిట్టూర్పు బయల్దేరింది.

గోపాలకృష్ణయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఇంక దాచి లాభమేముంది? ఎత్తింది నేనే. రెండేళ్ళ కిందట. పైర్లు ఎండిపోతుంటే చూడలేక పోయి ఎత్తినా. ఆ నీళ్ళు నా చేనుకు రానే లేదు, పక్కోడి చేనుకు మళ్ళినయ్. ఈ సంగతి నీకెవరు చెప్పారమ్మా?"

అపర్ణ నోరు తెరిచింది. తన కథకు పది రోజులుగా దొరకని ముగింపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ముఖం తుడుచుకుంటోంది. లేచి లోపలికి వెళ్ళి, లాప్‌టాప్ తెరిచి, ఆ సీను రాయసాగింది.

నాలుగున్నరకు భరత్ వచ్చాడు. వరండా నిండా జనాన్ని చూసి, "ఏంది బాబాయ్, అందరూ ఇక్కడే ఉన్నారు? సినిమా కథ చదివి వినిపిస్తందా?" అన్నాడు.

కృపాదానం కాగితం మళ్ళీ తీసి మూడోసారి చదివాడు.

ముందుగా తేరుకున్నది కోటమ్మ. "సినిమానా? అయితే నన్నెందుకు తీసేశారు?"

"నువ్వే తీయించుకున్నావు గదే," అన్నాడు భర్త.

"నీకు బతకడం చాత కాదని ముందే తెలుసు, నాకేమైంది?"

"చెల్లెమ్మా, స్పానరు ఏ కొట్లోనైనా దొరుకుద్దన్నా గానీ, ఆ సైజుది నా దగ్గర తప్ప దొరకదు," అన్నాడు రహీమ్ కిటికీలోంచి. చర్చి ఆ రోజు తొందరగానే అయిపోయిందని అక్కాచెల్లెళ్ళకు గుర్తొచ్చింది.

"రాజీ అయిపోయింది. పెద్దమనుషుల ముందు జరిగింది," అన్నాడు కృపాదానం. అంతమాత్రం మర్యాద ఆయన కాపాడాడు.

ఐదుకు ఎనిమిది నిమిషాలుంది. సీను ముగించి అపర్ణ తలెత్తింది. "ఇంక పేర్లు మార్చి పంపేస్తా. భయపడమాకండి, ఎవరి పేరూ ఉండదు."

గోపాలకృష్ణయ్య గడప దాకా వచ్చాడు. రెండేళ్ళుగా ఎవరికీ తెలియకూడదనుకున్న మనిషి గొంతు పెంచాడు. "తలుపు ఎత్తింది నేనా, ఇంకోడా? పడ్డ బాధ నాదీ, పేరు ఇంకోడిదీనా? మార్చావంటే ఈసారి నిజంగానే కేసేస్తా."

ఆయన వెనక మరో తొమ్మిదిమంది నిలబడ్డారు. ఒక్క పేరు కూడా మార్చే సమయం లేక, నాలుగు యాభై ఎనిమిదికి అపర్ణ ఉన్నది ఉన్నట్టు పంపేసింది.

ఆరున్నరకు కావ్య ఫోన్ చేసింది. ప్రొడ్యూసర్ ఒప్పుకున్నారట. తూము మనిషి చివరి సీను ఆయన రెండుసార్లు చదివించుకున్నారట.

మర్నాడు ఉదయం వీధిలో పదిమంది అపర్ణను ఆగి పలకరించారు, నలుగురు తల తిప్పుకున్నారు. ఎదురింట్లో మాత్రం ఒకరు పలకరించారు, ఒకరు తలుపేసుకున్నారు.