ఎల్లస్వామి తాగించిన చాయ్

ఆ ఉదయం ఎల్లస్వామి పెట్టుకున్న పని ఒక్కటే. ఈదమ్మ హోటల్‌కు నడిచిపోయి, చిన్ననాటి దోస్తు జగపతితో ఒక చాయ్ చెరి సగం తాగి రావడం. ముప్పై ఏళ్లుగా చేస్తున్నదే. కానీ స్టేషన్ ఘన్‌పూర్ రోడ్డు పక్కన గడ్డి కూడా సరిగా మొలవని తన ఏడెకరాలు కోట్లకు అమ్ముడుపోయాక, నాలుగు నెలలుగా అది కుదరడం లేదు. గడప దాటితే చాలు, ఎవరో ఒకరు పట్టుకుంటున్నారు. మేనత్త కొడుక్కి ఆటో కావాలి, ఇన్నేళ్లూ మొహం చాటేసిన తోడల్లుడికి బోరు కావాలి. ఏమీ అడగని మనిషి జగపతి ఒక్కడే. వాడు కూడా దూరమైతే తన గతేమిటని ఎల్లస్వామికి నిజంగానే భయంగా ఉండేది.

బెంచీ మీద కూర్చోగానే జగపతి, "అక్కా, ఒక్క చాయ్, రెండు గ్లాసులు," అన్నాడు. ఎల్లస్వామికి ప్రాణం లేచొచ్చింది.

"కోటీశ్వరుడైనంక గూడ సగం చాయేనా?" అంది ఈదమ్మ.

హోటల్ హోటలంతా నవ్వింది. ఎల్లస్వామికి తల కొట్టేసినట్టయింది. "అందరికి పొయ్యక్కా, నేనిస్త," అన్నాడు.

చేసిన పొరపాటు అదే. పంచాయతీ ఎన్నికల నామినేషన్లు నడుస్తున్న వారంలో, ఆ ఊళ్లో ఊరికే చాయ్ తాగించే మనిషి ఇంతవరకు పుట్టలేదు.

"ఏందన్నా, సర్పంచ్‌కు నిలబడుతున్నవా?" అన్నాడు బాల్‌సింగ్ గ్లాసు అందుకుంటూ.

"అయ్యో, లేదు తమ్మీ! నాకెందుకు గవన్ని?"

"ముందుగాల అందరు గట్లనే అంటరు," అని బాల్‌సింగ్ కన్నుకొట్టాడు.

జగపతి గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు. సర్పంచ్ కావాలని అతడు పదేళ్లుగా కాచుకుని ఉన్నాడు. ఈసారి రిజర్వేషన్ కూడా కలిసొచ్చింది. నామినేషన్ వేసి రెండు రోజులే అయింది.

మధ్యాహ్నానికి గుడి కమిటీ వాళ్లు ఎల్లస్వామి వాకిట్లో కూర్చున్నారు. వాళ్ల వెనకే మహిళా సంఘం దిగింది. సాయంత్రానికి ఎవరో దండ తెచ్చి మెడలో వేశారు. వద్దన్నకొద్దీ, "ఎంత ఒద్దికున్నదో సూడున్రి!" అని మెచ్చుకున్నారు.

"గిట్ల పరేషాన్ అయ్యే బదులు జగపతన్న కాడికి పోయి చెప్పరాదు?" అంది భార్య భాగ్యమ్మ.

నడిచిపోతే దారి పొడుగునా పట్టుకుంటారని కొత్తగా కొన్న కారులో పోయాడు. జగపతి అతణ్ణి లోపలికి లాగి, తలుపు మూసి పది నిమిషాలు తిట్టాడు. తర్వాత నమ్మాడు. మర్నాడు ఎల్లస్వామి పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి, "నేను పోటీల లేను. నా ఓటు జగపతికే. మీరు గూడ ఆయనకే వెయ్యున్రి," అని గట్టిగా చెప్పి, చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు.

ఊరు మాత్రం ఇంకోలా అర్థం చేసుకుంది. కారులో పోయిండు, తలుపేసుకున్నరు, తెల్లారి మద్దతన్నడు. అంటే ఓట్లకు పంచమని పైసల సంచి ఇచ్చొచ్చినట్టే కదా! జనం ఓపికగా ఎదురుచూశారు. పోలింగ్ ముందు రోజు దాకా చూశారు. ఏ ఇంటికీ ఏమీ రాలేదు. "జగపతి మొత్తం మింగిండు," అని తీర్మానించి, తెల్లారి లైన్లో నిలబడి మరీ అవతలి అభ్యర్థికి గుద్దారు. జగపతికి అతని చుట్టాలున్నన్ని ఓట్లు కూడా పడలేదు.

ఫలితం వచ్చిన మర్నాడు ఎల్లస్వామి వెళ్లేసరికి జగపతి మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"నా పైసలే నిన్ను ముంచినయిరా," అన్నాడు ఎల్లస్వామి.

"నేను తీస్కున్ననని ఊరంత అంటున్నది," అన్నాడు జగపతి గోడకేసి చూస్తూ. "పొద్దుగాల నా పెండ్లాం గూడ బీరువ తాళం అడిగింది."

"ఏం జేద్దాం మరి?"

"బద్నామైతే అయిపోయిన. గా పైసలేవో ఇప్పుడన్న ఇయ్యరాదు?"

ఎల్లస్వామి అతని మొహంలోకి చూశాడు. నవ్వుతాడేమోనని చాలాసేపు ఎదురుచూశాడు. జగపతి నవ్వలేదు.

ఊరు పుట్టించిన అబద్ధాన్ని నిజం చేయడానికి సరిపడా డబ్బు ఎల్లస్వామి దగ్గర ఉంది.