ఫైలకాలో ఇంకా బుధవారం కాలేదు

"ఈ బ్యాగు సర్దిన మనిషి మనసు మనసులో లేదు. వయసు అరవై దాటింది. ఏదో దాస్తోంది. గోదావరి నుంచి గల్ఫ్ దాకా ఈ కళ్ళు కప్పినవాడు పుట్టలేదత్తా," అన్నాడు బుజ్జిబాబు, నల్లకళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి.

"నేనేరా సర్దేది. నీ ముందే కదా సర్దుతున్నాను," అంది అచ్చాయమ్మ.

"ఒప్పేసుకుంది," అన్నాడు బుజ్జిబాబు గోడవైపు తిరిగి. అక్కడ ఎవరూ లేరు.

అచ్చాయమ్మ జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. బుజ్జిబాబు ఆవిడ తమ్ముడి కొడుకు. ఇద్దరిదీ కోనసీమలో గోదావరి మధ్యనున్న ఒకే లంక. సాల్మియాలోని ఓ సూపర్‌మార్కెట్లో కెమెరా తెరల ముందు కూర్చోవడం అతని ఉద్యోగం. వచ్చినప్పటి నుంచీ పట్టుకున్నది ఒకే ఒక్క దొంగని. ఆ దొంగ షాపు యజమాని బావమరిదని తరవాత తేలింది. అయినా ఆ రోజు నుంచీ బుజ్జిబాబు తనని తాను అపరాధ పరిశోధకుడని పిలుచుకుంటున్నాడు. మిగతా లోకం ఇంకా అలవాటు పడలేదు.

బ్యాగు అదే ఇంట్లో పనిచేసే రెడ్డెమ్మది. రాయచోటి వైపు పిల్ల. చాక్లెట్లు, పాలపొడి డబ్బా, పూల దుప్పటి, కొడుక్కి బొమ్మ జీపు. అచ్చాయమ్మ అన్నీ సర్దింది, తీసింది, మళ్ళీ సర్దింది. జిప్పు మాత్రం ముట్టుకోలేదు. జిప్పు ఎప్పుడూ వెళ్ళేవాళ్ళ చేతే వేయిస్తుంది. తను జిప్పు వేసిన బ్యాగులు పట్టుకెళ్ళినవాళ్ళు మళ్ళీ కనబడలేదని ఆవిడ నమ్మకం. ఈ దేశంలో ఆవిడ చాలా బ్యాగులే సర్దింది.

ఆ శుక్రవారం రాత్రికి విమానం. టిక్కెట్లు రెండు. ఒకటి రెడ్డెమ్మకి, రెండోది వాళ్ళన్న వెంకటరాముడికి. అతను ఈ ఇంటివాళ్ళ ఒంటెల్ని కాస్తూ ఫైలకా ద్వీపంలో ఉంటాడు. బుధవారం వచ్చేస్తానన్నాడు. రాలేదు. సందర్శకుల బోట్లు రోజూ వచ్చిపోతున్నాయి. ఒక్కదాంట్లోంచీ వెంకటరాముడు దిగలేదు. ఫోను మోగడం లేదు. ఇంటి యజమానురాలు మామాని అడిగితే, ఇన్షా అల్లా, వస్తాడులే అంది.

రెడ్డెమ్మ ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. "ఆదివారం నా కొడుక్కి పుట్టెంటికలు తీపియ్యాల పెద్దమ్మా. మేనమామ తొడ మింద కూర్చోబెట్టి తియ్యాల. వచ్చే వారానికి వానికి మూడేండ్లు నిండుతాయి. ఈ తూరి తప్పితే మళ్ళ ఐదో ఏడే. జుట్టు నడుముకాడికొచ్చింది. వీధిలో అందరూ వాణ్ణి పాపా అని పిలుస్చాండారు."

అచ్చాయమ్మ వెళ్ళి చెయ్యిపట్టి లాక్కొస్తానని మామా దగ్గర అనుమతి తీసుకుంది. ఇది అంతర్జాతీయ అపహరణ ముఠా పని అని తేల్చేసి, తోడుగా బుజ్జిబాబు బయల్దేరాడు.

ఒంటెలకి గడ్డి మోసుకెళ్ళే పడవ ఆ పొద్దున సాల్మియా నుంచి బయల్దేరుతుంటే ఎక్కారు. వారం రోజులుగా ఇంజను చెడి ఉందని, వారం వారం బుధవారం వెళ్ళాల్సిన పడవ ఈసారి ఇవాళే కదులుతోందని పడవ నడిపే మనిషి వాపోయాడు. అనవసరమైన వివరాలతో దర్యాప్తుని తప్పుదారి పట్టించొద్దని బుజ్జిబాబు అతన్ని గద్దించాడు. తరవాత పరిశోధన సంచి తెరిచి భూతద్దం, టాల్కం పౌడరు, పెట్టుడు మీసం అత్తకి చూపించాడు. పడవ ఒక్క ఊపు ఊగింది. మీసం సముద్రంలో పడింది. మిగతావి పోకుండా అచ్చాయమ్మ గబగబా సంచి లాక్కుని జిప్పు వేసేసింది.

ఫైలకాలో దిగగానే బుజ్జిబాబు ఒక పాడుబడ్డ ఇంటి ముందు నిలబడిపోయాడు. గోడనిండా తూటాల బెజ్జాలు.

"ఘోరమైన కాల్పులు జరిగాయత్తా."

"ఇరాక్ యుద్ధంలోవిరా అవి. ముప్పై ఏళ్ళు దాటింది."

"అయితే హంతకుడు చాలాకాలంగా పొంచి ఉన్నాడు."

అప్పుడు పడవలెక్కి వెళ్ళిన ఆ ఇళ్ళవాళ్ళు, మళ్ళీ వస్తామనుకునే తలుపులు గడియ పెట్టి వెళ్ళి ఉంటారనిపించింది అచ్చాయమ్మకి.

ఒంటెల దొడ్డి పక్కన గదిలో మాబు ఉన్నాడు. వెంకటరాముడితో పాటు పనిచేసేవాడు, అతనిదీ రాయచోటి వైపే. వెంకటరాముడేడని అడిగితే, ఇక్కడే యాడో ఉంటాడు, టీ తాగండి అన్నాడు. ఫోనేమైందంటే ఒంటె నమిలింది అన్నాడు, అది ఒంటెలు రోజూ చేసే పనే అన్నంత తాపీగా.

బుజ్జిబాబు అవేవీ వినడం లేదు. గోడ గడియారం నాలుగు దగ్గర ఆగి ఉంది. చూసి గుండెమీద చెయ్యేసుకున్నాడు. దాడి జరిగిన సమయం దొరికిందన్నాడు. అంతలో కిటికీలో అలారం గడియారం కనబడింది, అది పదకొండు దగ్గర ఆగింది. రెండు దాడులన్నాడు. మేకుకి వేలాడుతున్న చేతి గడియారానికి అసలు ముళ్ళే లేవు. దాన్ని తిప్పి తిప్పి చూసి, మూడో దాడి ఇంకా జరగాల్సి ఉందన్నాడు.

"అవి నేను రాకముందే ఆగిపోయిండాయి సార్. బ్యాటరీ తెస్చా," అన్నాడు మాబు.

"ఎప్పుడు తెస్తావు?"

"తెస్చాలే."

అచ్చాయమ్మ టీ గ్లాసు పట్టుకుని సూర్యుణ్ణి చూసింది. నడినెత్తి దాటాడు. పడవ తిరిగి వెళ్ళిపోతే ఆ రాత్రి విమానంలో ఒక సీటు ఖాళీగా వెళ్తుంది, రెడ్డెమ్మా ఆగిపోతే రెండు. ఈలోగా బుజ్జిబాబు, వెంకటరాముడి శవం గడ్డిమోపుల కింద ఉందని ప్రకటించి, ఎవరూ అడ్డుకునేలోపే దొడ్డి గేటు తీశాడు.

శవం లేదు. ఒంటెలున్నాయి. పడవలో వచ్చిన పచ్చగడ్డి వాసనకి పొద్దుటినుంచీ ఎదురుచూస్తున్న ఒంటెలు. అవి డిటెక్టివుని ఒక పక్కకి నెట్టి, గుంపుగా సముద్రంవైపు పరుగెత్తాయి. వాటి వెనక మాబు, మాబు వెనక చీర కుచ్చిళ్ళు పట్టుకుని అచ్చాయమ్మ. ఒడ్డున ఒకచోట ఒంటెలన్నీ ఆగి మూతులు కిందికి వంచాయి. ఆ మూతుల మధ్య, చేతిలో గాలం పట్టుకుని, వాటికి రోజూ మేత వేసే వెంకటరాముడు కూర్చుని ఉన్నాడు.

"ఏం పెద్దమ్మా, నువ్వొస్తివి? బుధవారం నేనే వస్చాంటి గదా," అన్నాడు.

"ఇవాళ శుక్రవారం నాయనా."

"గడ్డి పడవ రానిదే బుధవారం యాడొచ్చె?" అంటూ అటు తిరిగి, రేవులో పడవని చూశాడు. "ఓ, వచ్చినాదే. అయితే ఈ పొద్దే బుధవారం." గాలం చుట్టి లేచాడు.

అచ్చాయమ్మ వాళ్ళ లంకలోనూ అవతలి ఒడ్డు నుంచి జనాన్ని దాటించే పంటు వస్తేనే తెల్లవారేది. పెళ్ళి ముహూర్తాలు కూడా పంటు కోసం ఆగేవి.

కేసు ఛేదించాననీ, ఒంటెల మనస్తత్వం మీద ముందునుంచీ తనకి నమ్మకముందనీ బుజ్జిబాబు చెబుతుండగానే ఆవిడ వెంకటరాముణ్ణి పడవలోకి తోసింది. పడవ తాడు విప్పారు. బుజ్జిబాబు ఎక్కలేదు.

"గేటు తీసి ఒంటెల్ని వదిలినవాడు ఇంకా ఈ ద్వీపంలోనే తిరుగుతున్నాడత్తా. వాణ్ణి పట్టుకోకుండా ఎలా వస్తాను?"

"అది నువ్వే కదరా."

"అందరినీ అనుమానించాలి. ముందు ఒంటెల్ని దొడ్లోకి తోలి, బుధవారం వచ్చేస్తానులే. నువ్వెళ్ళత్తా, ఆయ్."

అన్నా చెల్లెళ్ళు విమానం అందుకున్నారు. ఆదివారం ఫోటో వచ్చింది. మేనమామ తొడమీద బోడిగుండు పిల్లాడు నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు. అచ్చాయమ్మ దాన్ని వంటింట్లో అందరికీ చూపించింది.

సూపర్‌మార్కెట్ వాళ్ళు తెరల ముందు ఇంకొకర్ని కూర్చోబెట్టారు. ఒంటెల కఫీల్, అంటే యజమాని, బుజ్జిబాబు నివాస పత్రం ఇఖామాని తన పేరుకి మార్పించుకున్నాడు. గేటు కేసు కొలిక్కి వస్తోందని, వచ్చే బుధవారం వస్తానని బుజ్జిబాబు మాబుతో కబురు చేశాడు. తరవాత అతని ఫోను కూడా ఒంటె నమిలింది. అచ్చాయమ్మ అతని బట్టలన్నీ ఒక బ్యాగులో సర్ది గడ్డి పడవలో పంపింది. ఆ బ్యాగుని నోరు తెరిచే పంపింది. పరిశోధన సంచి జిప్పు ఎవరు వేశారో మాత్రం ఊళ్ళో తమ్ముడికి చెప్పలేదు.

రెడ్డెమ్మ జనవరిలో తిరిగి వచ్చింది. వెంకటరాముడు ఫిబ్రవరిలో వచ్చాడు, అతనికి జాబ్రియాలోనే తోటపని ఇచ్చారు. 2023 నవంబరు 24, శుక్రవారం నాడు ఫైలకా వెళ్ళిన బుజ్జిబాబు తిరిగి రాలేదు.