బానెట్ మీద చెయ్యి

ఆ ఆదివారానికి అమృతరాజు వేసుకున్న పథకం చిన్నది. ఆరు గంటలకు చర్చిలో పూజ. వచ్చాక డికాక్షన్. ఎనిమిదింటికి లక్కూరు నుంచి గోపాలప్ప అనే రైతు కారు చూడటానికి వస్తాడు. కారు కదలదు. ఎందుకు కదలదో మాట్లాడుకుంటూ ఇద్దరూ ఒక గంట కూర్చుంటారు, రెండేసి కాఫీలు తాగుతారు, గోపాలప్ప వెళ్లిపోతాడు.

ఆ డీజిల్ కారుకు ఇరవై ఏళ్లు. ఊళ్లోని కేజీఎఫ్ బంగారు గనులు మూతపడ్డాక అమృతరాజు చాలాకాలం దాన్ని టాక్సీగా తిప్పాడు. ఇప్పుడు చలి పొద్దుల్లో తాళం తిప్పితే కాసేపు మూలిగి, ఇంత తెల్లపొగ వదిలి ఊరుకుంటుంది. ఎండెక్కితే బంగారంలా నడుస్తుంది. కానీ పాత బండి కొనేవాళ్లు ఎండెక్కాక రారు. పొద్దున్నే వచ్చి, నమస్కారానికి ముందే బానెట్ మీద చెయ్యి పెడతారు. వెచ్చగా ఉంటే అమ్మేవాడు ముందే ఇంజను కాచి పెట్టాడని లెక్క, వచ్చిన దారినే పోతారు. చల్లగా ఉంటేనే తాళం అడుగుతారు.

ఏడుగురు వచ్చారు, ఏడుగురూ వెళ్లారు. బండి అమ్ముడుపోనందుకు అమృతరాజుకు రవ్వంత కూడా బాధ లేదు. భార్య క్యాథరిన్ పోయి మూడేళ్లయింది. పిల్లలు లేరు. వీధిలో అందరూ మంచివాళ్లే కానీ, ఎవరి పనులు వాళ్లవి. కారుకు 'అమ్మబడును' అని అట్ట కట్టాకే ఆ ఇంట్లో రెండో కప్పు బయటికొచ్చింది. కారు అమ్ముడుపోతే ఆ కప్పు మళ్లీ అలమరలోకి పోతుంది. అతని భయమంతా అదే.

ఎదురింటి అంతోనమ్మకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది? కొనేవాళ్లు తల అడ్డంగా ఊపుతూ వెళ్లడం, గుమ్మంలో అమృతరాజు దిగులుగా నిలబడటం, ఇవే ఆమెకు కనిపించేవి. ముసలాయన కారు అమ్ముకోలేక కుంగిపోతున్నాడని ఆమె గట్టిగా నమ్మేసింది. నమ్మి, మరిది లియోకు చెప్పింది. ఒకప్పుడు గనిలో పంపులు చూసిన లియోకు, ఆగిపోయిన యంత్రం కనిపిస్తే చేతులు ఊరుకోవు.

పూజలో ప్రసంగం సగంలో ఉండగా మైకు ఆగిపోయింది. ఫాదర్ గొంతు చించుకుని ముగించాడు. అమృతరాజు అదేమీ పట్టించుకోకుండా ఇంటికి వచ్చాడు. వీధిలో బొగ్గుల వాసన. అందరూ గుమ్మాల్లో నిలబడి ఆకాశంకేసి చూస్తున్నారు. గోపాలప్ప అప్పటికే వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ఉన్నాడు.

"జిల్లుమంటా ఉండాది," అన్నాడు మెచ్చుకోలుగా. "బీగం ఇయ్యప్పా."

అమృతరాజు నింపాదిగా తాళం ఇచ్చి, కాఫీ పెట్టడానికి లోపలికి తిరిగాడు. గడప దాటేలోపు వెనక కారు ఒక్క దెబ్బకు గుర్రుమంది. మూలుగు లేదు, పొగ లేదు. అమృతరాజు గిన్నెతోనే బయటికి వచ్చాడు.

"ఇది లేయదప్పా," అన్నాడు.

"లేసింది కదా."

"ఈ పొద్దు ఏమో లేసింది. రేపు లేయదు. చలికి మొండికేస్తాది. నా మాట విను, తీసుకోవద్దు."

గోపాలప్ప ఇరవై ఏళ్లుగా సంతల్లో ఎడ్లు కొంటున్నవాడు. అమ్మేవాడు సరుకును పొగిడితే నమ్మకూడదని తెలుసు. తెగిడేవాణ్ణి అతను ఇంతవరకు చూడలేదు.

"ఇష్టం లేక అమ్ముతా ఉండావు కదా?" అన్నాడు జాలిగా.

"అట్లా కాదు. పొద్దున్నే తోసి తోసి సస్తావు. నీ మేలుకే చెప్తా ఉండాను."

"బిడ్డ మాదిరి చూసుకుంటానప్పా. బేజారు చేసుకోవద్దు."

అమృతరాజు ఎన్ని లోపాలు చెబితే గోపాలప్ప అంత బిగుసుకున్నాడు. చివరికి అడిగినంతా చేతిలో పెట్టి, కాఫీ కూడా తాగకుండా కారెక్కి వెళ్లిపోయాడు. వీధంతా చప్పట్లు కొట్టింది.

"నువ్వు పూజకు పోతానే ఇంజను కింద మూడు కుంపట్లు పెట్టింటిమన్నా," అంది అంతోనమ్మ, ఆనందం పట్టలేక. "వేణ్ణీళ్లు నాలుగు బిందెలు. లియో డీజిల్ పైపులో గాలి కూడా తీసేసినాడు."

"మళ్లా బానెట్ మీద తడి గోనెపట్టాలు," అన్నాడు లియో. "లోపల కాగాల, పైన చల్లగా ఉండాల. అదే కష్టమైంది."

"నా బ్యాటరీ వీక్ కదా?" అన్నాడు అమృతరాజు నీరసంగా.

"దాన్ని మా ఇంట్లో పెట్టినాను. చర్చి మైకు బ్యాటరీ తెచ్చి వేసినాను. బండి లేస్తానే మళ్లా మార్చేద్దామనుకుంటిని."

ఆ బ్యాటరీ అప్పటికి బంగారుపేట దాటి ఉంటుంది. సాయంత్రం ఫాదరే స్వయంగా వచ్చాడు. తిట్టలేదు. వచ్చే ఆదివారానికి మైకు పలకాలని మాత్రం చెప్పి, కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

కారుండే చోట నేల మీద నూనె మరక మిగిలింది. అమృతరాజు మెట్టు మీద కూర్చుని దాన్నే చూశాడు. మేలు చేశామన్న తృప్తితో వీధి తలుపులు వేసుకుంది. వాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు, రాలేదు. ఏడుపు వచ్చింది. అలమరలో కప్పు పెడుతూ, ఇక ఎవరు వస్తారు, దేనికి వస్తారు అనుకున్నాడు.

సోమవారం పొద్దున ఏడింటికి ఫోను మోగింది.

"ఏమప్పా, గాడి లేస్తా లేదే," అన్నాడు గోపాలప్ప.

అమృతరాజు తీసుకున్న సొమ్మంతా జేబులో పెట్టుకున్నాడు. చర్చిదాని బదులు పెట్టడానికి తన పాత బ్యాటరీని గోనెసంచిలో వేసుకుని రైల్లో మాలూరు, అక్కణ్ణుంచి బస్సులో లక్కూరు చేరాడు. మోసగాడివని పదిమందిలో నిలదీస్తారు, సొమ్ము ఇచ్చేసి కాళ్లు పట్టుకోవాలి, అనుకుంటూ వాకిట్లో అడుగుపెట్టాడు.

వాకిట్లో పదకొండు మంది ఉన్నారు. తోసీ తోసీ అలిసిపోయి కారు చుట్టూ కూర్చుని, తలో రోగం పేరు చెబుతున్నారు. ఒకాయన గాలి అంటున్నాడు, ఇంకొకాయన దిష్టి అంటున్నాడు.

అమృతరాజు సొమ్ము తీసి చాచాడు. "తప్పైందప్పా. ఇంజను కాచి పెట్టిండారు, నాకు తెలీదు. బండిలో ఉండే బ్యాటరీ కూడా దేవుడిది."

గోపాలప్ప ఆ చేతిని వెనక్కి నెట్టాడు. "నీదేమి తప్పు? లేయదని నువ్వు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినావు. నేనే వినలేదు. ఇంత నిజం చెప్పే మనిషిని నేను యాడా చూడలేదు. నువ్వే బాగు చేసి పెట్టు."

కుర్చీ వేశారు. గోపాలప్ప తల్లి గంగులమ్మ లోటా నిండా కాఫీ తెచ్చి, "తిండి తిన్నావా నాయనా?" అని అడిగింది. ఆ మాట అతన్ని ఎవరూ అడగక మూడేళ్లయింది. అతను లోటాను రెండు చేతులా పట్టుకుని ఆమెకేసే చూశాడు. ఆమె లేదనే అనుకుని, రాగిముద్ద పెట్టడానికి లోపలికి వెళ్లింది.

అమృతరాజు బానెట్ ఎత్తాడు. నాలుగు హీటర్ ప్లగ్గులూ కాలిపోయి ఉన్నాయి. అవి మారిస్తే ఎంత చలిలోనైనా ఇంజను లేస్తుంది. గంట పని. పదకొండు మందీ లేచి వచ్చి అతని భుజాల మీదుగా తొంగి చూశారు.

"పెద్ద పనా అప్పా?" అని అడిగాడు గోపాలప్ప.

అమృతరాజు కాసేపు ఇంజనుకేసి, ఇంకాసేపు ఆ మొహాలకేసి చూశాడు.

"చానా పెద్ద పని," అన్నాడు. "దినామూ పొద్దున్నే వచ్చి చూడాల."

ఆ నాలుగు ప్లగ్గులు మార్చడానికి అతనికి ముప్పై ఏడు రోజులు పట్టింది.