కత్తికి ఆరింతల బలం

ఆదివారం పొద్దున లైబ్రేరియనమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. పదింటిలోగా తమ్ముడి కత్తికి కాస్త బలం పెంచాలి. కత్తంటే నిజం కత్తి కాదు, కాగితం మీది కత్తి. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ప్రతి ఆదివారం పదింటికి బల్ల చుట్టూ కూర్చుని ఒక కథల ఆట ఆడుతున్నారు. కథ నడిపేది ఆవిడ. భర్త మంత్రగాడు, అత్తగారు వైద్యురాలు, తమ్ముడు కత్తియోధుడు. ఎవరేం చేస్తారో చెప్పి పాచిక వేస్తే, ఫలితాన్ని ఆవిడ నోట్‌బుక్కులోని అంకెలు తేలుస్తాయి.

శుక్రవారం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఈ ఒక్క ఆదివారం చూస్తా. ఇలాగే ఉంటే ఇక రాను. బావ చిటికేస్తే కొండలు కరిగిపోతాయి. నేను తలుపులు తీయడానికే ఉన్నట్టుంది."

తమ్ముడు లిఫ్టు మెకానిక్కు, ఒంటరివాడు. వారమంతా మోటార్లతోనే మాట్లాడుకుంటాడు. మనుషుల మధ్య కూర్చుని నవ్వేది ఆ ఒక్కపూటే. అందుకని ఎవరికీ చెప్పకుండా కత్తి బలం పదిని ఇరవై చేసి, మంత్రాలను ఒక్కటికి కుదించి, స్నానానికి వెళ్ళింది.

అత్తగారు రిటైరైన లెక్కల టీచరు. ఆవిడకూ ఆ పిల్లవాడంటే ప్రాణం. నోట్‌బుక్కు తెరిచి చూసి, "ఇరవై ఏ మూలకీ?" అనుకుని, మూడింతలు చేసి అరవై వేసింది. సొంత కొడుకన్న మమకారం కూడా లేకుండా, మిగిలిన ఆ ఒక్క మంత్రాన్నీ కొట్టిపారేసింది.

భర్త దర్జీ, మెత్తని మనిషి. పాచికల డబ్బా మూత తీస్తూనే, "బావమరిదీ, ఇవాళ నా మంత్రగాడు నీకు, నీ యోధుడు నాకు. తలుపులు నేను తీస్తాలే" అన్నాడు. తమ్ముడి మొహం వెలిగిపోయింది. అక్క మొహం పాలిపోయింది. మూత తీశాక అంకె మార్చకూడదన్న రూలు ఆవిడదే. అది తమ్ముడి మీద ఇప్పటికే రెండుసార్లు అమలు చేసింది కూడా.

మొదటి గదిలో గుమ్మానికి కాపలాగా ఒక బక్క భూతం నిలబడింది. "ఊరికే అలా కత్తి ఆడిస్తా" అన్నాడు దర్జీ మొహమాటంగా పాచిక వేస్తూ. నోట్‌బుక్కులో చూస్తే కత్తి బలం అరవై. భూతమూ, వెనకున్న గోడా, ఆ వెనకాల నాలుగు నెలలుగా దాచిపెట్టిన దుష్ట చక్రవర్తీ, ఆయన కోటా, పైకెళ్ళే మెట్లూ కుప్పకూలాయి. "అయ్యబాబోయ్, నేనేం చేశానే!" అన్నాడు దర్జీ. గడియారంలో ఇంకా పదింపావే.

"నేను మంత్రం వేసి మెట్లు లేపుతా" అన్నాడు తమ్ముడు ఆశగా.

అక్క నోట్‌బుక్కు చూసింది. తను మిగిల్చిన ఒక్క మంత్రమూ కొట్టేసి ఉంది. "నీకు మంత్రాలు లేవురా."

"ఎన్ని లేవు?"

"ఒక్కటీ లేదు."

తమ్ముడు లేచి హెల్మెట్ అందుకున్నాడు. "అర్థమైందక్కా. ఏ పాత్ర వేసినా నా గతి ఇంతే. రావద్దని నోటితోనే చెప్పొచ్చుగా."

"కూర్చో నాయనా!" అని గద్దించింది అత్తగారు. "మూడింతలు చేసింది నేను. మంత్రం కొట్టేసిందీ నేనే."

"దానికి ముందు రెండింతలు చేసింది నేను" అంది అక్క. "నువ్వు మానేస్తావేమోనని భయమేసిందిరా."

"నువ్వు సంతోషిస్తావనేగా నేను పాత్ర మార్చుకుంది" అని గొణిగాడు దర్జీ.

తమ్ముడు ముగ్గురినీ చూశాడు. హెల్మెట్ మెల్లగా కిందికి దిగింది. "ఒకరికి తెలియకుండా ఒకరు నాకోసం ఇంత చేశారా?" అని కళ్ళు తుడుచుకున్నాడు. "కానీ నేనడిగింది బలం కాదక్కా. బావ వంతు వస్తే అందరూ నోరెళ్ళబెట్టి అరగంట వింటారు. నా వంతు వస్తే 'కొట్టావా, సరే' అనేసి పక్కవాళ్ళ దగ్గరికి పోతారు. ఏం చేస్తావురా అని నన్నూ అడగండి, చాలు."

అక్క నోట్‌బుక్కు మూసేసింది. "మెట్లు కూలాయి. ముగ్గురూ గోతిలో ఉన్నారు. మంత్రం లేదు. ఏం చేస్తావురా?"

తమ్ముడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పైన దూలానికి కప్పీ కట్టి, తాడుకు ఒక కొసన కూలిన రాళ్ళు వేలాడదీస్తే, రెండో కొసన మనుషులు ఎంత తేలిగ్గా పైకొస్తారో నలభై నిమిషాలు చెప్పాడు. ఒక్కరూ కదల్లేదు. అత్తగారు బరువులు లెక్కేసింది. రాళ్ళ సంచికి ఎన్ని వరసల కుట్టు కావాలో దర్జీ అడిగి తెలుసుకున్నాడు. పాచిక ఆరు పడింది. అందరూ పైకొచ్చారు.

"థాంక్సక్కా. అత్తయ్యగారూ, బావా, మీకు కూడా. మీరు లేకపోతే నాకు ఆదివారమే లేదు" అన్నాడు తమ్ముడు. అత్తగారు అతని వీపు నిమిరింది.

"నీ కత్తి నీకిచ్చేయనా? పోనీ మంత్రాలన్నీ తిరిగి రాయనా?" అంది అక్క.

"వద్దక్కా. మంత్రగాడిగానే ఉంటా. మంత్రాలు మాత్రం వద్దు."

దర్జీ ఇక కత్తి తీయకూడదని మిగతా ముగ్గురూ అప్పటికప్పుడు తీర్మానించారు. మంత్రం లేని మంత్రగాడూ, కత్తి తీయని యోధుడూ ఎట్టకేలకు సమానమయ్యారని అక్క నోట్‌బుక్కులో రాసుకుంది.