వాల్టర్ తాతకి వేసిన దండ

శుక్రవారం పొద్దున కాఫీ పూర్తికాకముందే పర్సిస్ ఆనాటి కార్యక్రమం ప్రకటించింది. ఆమె ప్రకటించడమే కానీ చర్చకు పెట్టడం షాలేం రాజు ఇన్నేళ్ళ కాపురంలో చూడలేదు.

"ఏవండీ, ఇవాళ ఆఫీస్‌కి లీవ్ పెట్టండి. హాల్లో ఆ రెండో గోడ ఖాళీ చేయాలి."

"ముందు డ్రైవ్‌వే మీద మంచు తియ్యాలి కదా పర్సీ. కారే కదలదు."

"మంచుదేముందండీ, ఎండొస్తే అదే కరుగుతుంది."

మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో జనవరిలో ఎండ రాదని షాలేం రాజుకి తెలుసు. ఆ సంగతి పర్సిస్‌కి చెప్పి లాభం లేదనీ తెలుసు. అందుకని లేచి మేకులు వెతికాడు.

సంగతేమిటంటే, వాళ్ళమ్మాయి షారన్‌కి ఎనిమిదో నెల. అల్లుడు జెరెమీ క్లింగర్. క్లింగర్లు ఎప్పుడో జర్మనీ నుంచి ఓడెక్కి వచ్చి మిషిగన్‌లో వ్యవసాయం చేసుకున్నవాళ్ళు. పర్సిస్ హాల్లో మొదటి గోడ నిండా ఆమె తరఫు పెద్దలున్నారు. రేపల్లె మిషన్ బళ్ళో పంతులుగా చేసిన తాతగారి మెడలో దండతో మొదలై ప్రతి ఫొటోకీ ఒక కథ ఉంది. హీటర్ బాగుచేయడానికి వచ్చినవాడు కూడా ఆ కథలు విననిదే బయటపడలేదు. క్లింగర్ల తరఫున ఉన్నదల్లా ఒక బిస్కెట్ల డబ్బా. అందులో నలుపూ తెలుపూ ఫొటోలు బోలెడు. ఒక్కదాని వెనకా పేరు లేదు.

"రేపు పిల్లో పిల్లాడో పుట్టి, వీళ్ళెవరు అమ్మమ్మా అని అడిగితే ఏం చెప్పను? చెవులు చూసి పోల్చుకోమననా?" అని పర్సిస్ బాధ.

ఆ బాధ నిజమైనదే. క్లింగర్లందరివీ చాటంత చెవులు. ఆ ఒక్క పోలికతో ఎవరు ఎవరో తేల్చడం దేవుడి తరం కూడా కాదు. జెరెమీ చిన్నప్పుడే వాళ్ళ నాన్న పోయాడు. ఇక ఆ పేర్లన్నీ తెలిసినవాడు జెరెమీ తాత వాల్టర్ ఒక్కడే. ఆయనకు తొంభై దగ్గరపడింది. పర్సిస్ ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "పోయినవాళ్ళ కబుర్లు ఎవరికి కావాలమ్మా? నేను నోరు తెరవగానే అందరూ ఫోన్లు తెరుస్తారు. వినేది మా ఆవిడ ఒక్కతే. ఆవిడా పోయింది." ఆయన మాట్లాడేది ఇంగ్లీషే. మన సౌకర్యం కోసం ఇక్కడ తెలుగులో మాట్లాడుతున్నాడు.

పర్సిస్ పట్టు పట్టిందంటే ఉడుంపట్టే. ఫొటోలు అప్పటికే పెద్దవి చేయించింది. ఇవాళ గోడకెక్కిస్తుంది. శనివారం వాల్టర్‌ని భోజనానికి రప్పిస్తుంది. ఆ గోడ చూశాక ఆయన నోరు దానంతటదే తెరుచుకోవాలి. ఇదీ ప్లాను.

గోడ మధ్యలో ట్రాక్టర్ మీద చెయ్యేసి నిలబడిన కుర్రాడి ఫొటో పెట్టించింది. "ఓడ దిగిన ముత్తాత ఈయనే. ఆ ధీమా చూడండి!"

"అప్పట్లో ట్రాక్టర్లు ఉన్నాయంటావా?"

"జర్మనీవాళ్ళండీ. వాళ్ళ దగ్గర అన్నీ ముందే ఉంటాయి."

మన తాతకి దండ ఉండి, వియ్యాలవారి తాతకి లేకపోతే మర్యాద కాదని ఆమెకు తోచింది. షాలేం రాజు డ్రైవ్‌వే మీద మంచు తీసుకుని, ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి దండ తెచ్చాడు.

"ప్లాస్టిక్‌దా!"

"ఈ చలిలో బంతిపూలు ఎక్కడ దొరుకుతాయి పర్సీ? ఇదైతే పదేళ్ళు ఉంటుందన్నాడు."

మూతి ముడుచుకుంటూనే పర్సిస్ దండ వేయించింది. ఫొటోకి ఫొటో తీసి, "జెరెమీ వాళ్ళ తాతగారు. రేపు పన్నెండింటికి ఆయన కోసం మా ఇంట్లో కలుద్దాం. అందరూ రండి" అని తెలుగు చర్చి గ్రూపులో పెట్టి, ఫోన్ చార్జింగ్‌లో పడేసి గారెల పప్పు నానబోయడానికి వెళ్ళింది. ముత్తాత అని టైప్ చేసే ఓపిక లేక తాతగారు అంది. అంతే.

గ్రూపులో అందరికంటే ముందు చూసింది మణి. షారన్ పెళ్ళిలో ఆమె వాల్టర్ పక్కనే కూర్చుంది. ఫొటోలోనూ అవే చెవులు. పైగా దండ. వెంటనే ఫోన్ చేసింది.

"పర్సిస్, ఇప్పుడే చూశానమ్మా. ఎప్పుడైంది?"

"ఇప్పుడే అయిందొదినా. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నా, నడుం పోయింది."

"అంత హఠాత్తుగానా?"

"హఠాత్తేముంది? షారన్ పెళ్ళి దగ్గర్నుంచీ అనుకుంటూనే ఉన్నా. ఇన్నాళ్ళకి కుదిరింది."

"జెరెమీ... ఎలా ఉన్నాడు?"

"అతనికింకా చెప్పలేదు. రేపు వచ్చి చూస్తాడుగా. సర్‌ప్రైజ్!"

మణి ఫోన్ పెట్టేసి, దుఃఖంతో పర్సిస్‌కి మతి చలించిందని పాస్టర్ సుందర్ రాజ్ గారికి చెప్పింది. పాస్టరు గారు బాధ్యత తెలిసిన మనిషి. వాల్టర్ వెళ్ళే లూథరన్ చర్చి నంబరు సంపాదించి కబురందించారు. ఆ చర్చి ఆఫీసులో ఆవిడ నిర్ధారణ కోసం వాల్టర్ ఇంటికి ఫోన్ చేసింది. కారు వారంటీ అమ్ముతామంటూ ఫోన్లు చేసేవాళ్ళ బాధ పడలేక ఆయన ఎప్పుడూ ఫోన్ వైరు పీకేసి ఉంచుతాడు. ఎవరూ ఎత్తలేదు. అంతకంటే రుజువేం కావాలి? సాయంత్రానికల్లా కబురు పక్క రాష్ట్రంలో, టొలీడోలో ఉన్న ఆయన బాబాయి కూతురు లోరెట్టా దాకా పాకింది. ఏదో ట్రాక్టర్ గొడవలో ఆవిడ అన్నతో మాటలు మానేసి చాలా ఏళ్ళయింది. కబురు విని చాలాసేపు ఏడ్చింది.

ఇంత జరుగుతున్నా జెరెమీకి ఒక్క ఫోనూ రాలేదు. దుఃఖంలో ఉన్నవాళ్ళని ఫోన్లతో విసిగించకూడదని, వంటకం పట్టుకుని నేరుగా వెళ్ళాలని అక్కడి పెద్దల పద్ధతి. షారన్ అయితే ఆ తరం పిల్లలందరిలాగే చర్చి గ్రూపుని ఎప్పుడో మ్యూట్ చేసేసింది. పర్సిస్‌కీ షాలేం రాజుకీ వంటపనిలో ఫోన్ చూసే తీరికే లేదు.

శనివారం పన్నెండయ్యేసరికి వీధంతా కార్లు. తెలుగువాళ్ళు తెల్లచీరల్లో, పప్పుచారు గిన్నెలతో దిగారు. జర్మన్లు నల్లకోట్లలో, బంగాళాదుంప సలాడ్‌లతో దిగారు. పిలవకుండానే క్లింగర్లంతా తరలివచ్చినందుకు పర్సిస్ పొంగిపోయింది. ఒక్కొక్కరూ ఆమెను కౌగిలించుకుని "సారీ" అంటున్నారు.

"అయ్యో, సారీ ఎందుకండీ? పిలవకపోతే రాకూడదా? మా దగ్గర భోజనం బోలెడుంది!"

ఆ ధైర్యానికి వాళ్ళు ముగ్ధులయ్యారు.

పొద్దున్నే వచ్చి మేడ మీద పడుకున్న షారన్‌కి ఈ సందడేమీ తెలియదు. అప్పుడే జెరెమీ కారు వచ్చింది. ఆగే చోటు లేక తాతను గరాజ్ దగ్గర దింపి పార్కింగ్ వెతకడానికి వెళ్ళాడు. వాల్టర్ గరాజ్ తలుపు గుండా, వంటింట్లోంచి హాల్లోకి వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు. చెవులు కప్పే ఉన్ని టోపీ నెత్తినే ఉంది. వెచ్చదనానికి కళ్ళజోడు మసకబారింది. ఆయనకు ఎవరూ కనబడలేదు, ఆయన్నెవరూ గుర్తుపట్టలేదు.

"ఎవరు పోయారు?" అని పక్కనున్న రాగిణిని అడిగాడు. రాగిణి తెలుగు చర్చికి కొత్త.

"జెరెమీ వాళ్ళ తాతగారట."

వాల్టర్ కాసేపు ఆలోచించాడు. జెరెమీకి తల్లివైపు తాత ఒకడు ఫ్లారిడాలో ఉన్నాడు. "పాపం. గోల్ఫ్ ఆడేవాడు" అని తల వంచుకున్నాడు.

పాస్టరు గారు లేచి, ట్రాక్టర్ పక్కన నిలబడ్డ ఈ సహోదరుడి కష్టజీవితం గురించి మాట్లాడారు. పర్సిస్ కళ్ళు తుడుచుకుంది. తర్వాత లోరెట్టా లేచింది.

"వాల్టర్ మొండివాడు. కొత్త ట్రాక్టర్ని చెరువులో ముంచి, నేను ముంచానని మా నాన్నకి చెప్పాడు. అయినా నా అన్న. ఇవాళ వాడిని క్షమిస్తున్నాను."

"వాల్టరేమిటి?" అంది పర్సిస్.

వెనక నుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది. టోపీ ఊడింది. చాటంత చెవులు బయటపడ్డాయి.

"ముంచింది నువ్వే లోరెట్టా! నేను ఒడ్డున నిలబడి వద్దని అరిచాను!"

"ప్రభువా!" అని మణి కుర్చీలోనే కూలబడింది. ప్రతి ఈస్టర్‌కీ పునరుత్థానం మీద గంటసేపు ప్రసంగించే పాస్టరు గారు సోఫా వెనక్కి వెళ్ళారు.

పర్సిస్‌కి తెల్లచీరలూ నల్లకోట్లూ సారీలూ అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆమెకు నిజంగా ఏడుపొచ్చింది. వాల్టర్ మెల్లగా గోడ దగ్గరికి నడిచి, కళ్ళజోడు తుడుచుకుని దండలో ఉన్న తనను చూసుకున్నాడు.

"క్షమించండి వాల్టర్ గారూ. మీరు పేర్లు చెప్పలేదు. నేనే ఊహించేశాను."

"వీళ్ళంతా నాకోసం వచ్చారా?"

"మీరు పోయారనుకుని వచ్చారు."

"అదేనమ్మా." ఆయన హాలంతా కలియజూశాడు. "ఒక్కరి చేతిలోనూ ఫోన్ లేదు."

కాసేపటికి ఆయన గోడ మూలకు వేలు చూపించాడు. అక్కడ ఒళ్ళో కుట్టుమిషన్ తల పెట్టుకుని కూర్చున్న ఒక బక్కపల్చటి ఆవిడ ఫొటో ఉంది. "ఓడ దిగింది ఈవిడ, మా నానమ్మ ఒటీలీ. ఇద్దరు పిల్లలతో ఒంటరిగా వచ్చింది. మా తాత హైన్రిక్ నీళ్ళంటే భయపడి ఆర్నెల్ల తర్వాత వచ్చాడు."

"ఆర్నెల్లు కాదు, ఏడాది!" అంది లోరెట్టా.

"నీకేం తెలుసు? నువ్వు అప్పటికి పుట్టలేదు!"

"నువ్వు మాత్రం పుట్టావా?"

పర్సిస్ ఏడుపు ఆగిపోయింది. "ఏవండీ, చూస్తారేం, రికార్డ్ చేయండి! షారన్, కిందికి రా, పెన్సిల్ తీసుకురా! డబ్బాలో ఫొటోల వెనక పేర్లు రాయి!"

అన్నాచెల్లెళ్ళు పోట్లాడుకుంటున్నకొద్దీ ఒక్కొక్క ఫొటోకీ పేరూ ఊరూ వచ్చాయి. లోరెట్టా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఇంకో కట్ట ఫొటోలు తీసింది. జర్మన్లు సలాడ్ మీద పప్పుచారు పోసుకుని తింటూ విన్నారు. జెరెమీకి పార్కింగ్ దొరికి, మంచులో నడిచి వచ్చేసరికి తాత నవ్వుతూ ఉన్నాడు. నానమ్మ పోయాక ఆ నవ్వు వినడం అతనికి అదే మొదలు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

చీకటిపడ్డాక పర్సిస్ దండ తీయబోతే వాల్టర్ ఆపాడు.

"ఉండనీ అమ్మా. ఎప్పటికైనా పడేదేగా."

"కుదరదండీ. డబ్బాలో ఇంకా సగం ఫొటోలున్నాయి. ప్రతి శనివారం రావాలి. అవన్నీ అయ్యేదాకా మీకు దండ వేసే ప్రసక్తే లేదు" అని ప్రకటించి, పర్సిస్ ఆ దండని బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేసింది.

ఎలాగూ ప్లాస్టిక్‌దే కాబట్టి, దానికీ తొందరేమీ లేదు.