శాలువా కింద బేరం

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ తప్పి ఉంటాయి. ఒక పేజీ నింపడానికి నాకు రెండు పొద్దులు పడుతుంది. నేను నెమ్మదిగా రాసినా, కథ మాత్రం ఉరుకుల మీద జరిగింది.

రెండు వేల ఐదో సంవత్సరం జనవరి ఒకటో తారీఖు పొద్దున భోజన్నకు ఉన్నది ఒక్కటే పని. గుప్పెడు పసుపు కొమ్ములు నమూనాగా సంచిలో వేసుకుని ఆర్మూర్ మార్కెట్ యార్డుకు పోవాలి, వచ్చిన ధరకు బేరం తెంపుకోవాలి, అన్నం వేళకు ఇల్లు చేరాలి. ధర పెరుగుతుందని ఆపిన కిందటేటి పసుపు నలభై బస్తాలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. ముందరింట్లో పన్నెండు, వంటింట్లో ఆరు, మిగిలినవన్నీ మంచం చుట్టూ. ఇంకో పక్షం రోజుల్లో కొత్త పసుపు తవ్వాలి. దాన్ని పెట్టడానికి ఇంటి కప్పు తప్ప ఖాళీ లేదు.

"ఇయ్యాల అమ్ముకొస్తె ఇంట్లకు రా. లేకుంటె బస్తాలు లోపట ఉంటయ్, నువ్వు బయట పండు," అంది అతని భార్య లసుమవ్వ.

"క్వింటాలుకు రెండు వేలే నడుస్తుందే. ఇంకొక్క నెల ఆగితే..."

"గీ మాట ఉగాదికి జెప్పినవ్. దసరాకు జెప్పినవ్. పో, గా తెల్లంగి ఏసుకొని పో. జర ఇజ్జత్ ఉంటది."

చిక్కంతా ఆ తెల్లంగితోనే మొదలైంది.

యార్డులో వేలం లేదు, షామియానా ఉంది. కొత్త సంవత్సరంలో తన ఆశలేమిటో, ఏ పని ముందు చేస్తారో రైతులకు చెప్పడానికి మంత్రిగారు వస్తున్నారట. పసుపు కొనే సేట్లందరూ తక్కెళ్లు వదిలి ముందు వరుసలో కూర్చున్నారు. భోజన్న కూర్చోలేక, నిలబడలేక షామియానా చుట్టూ మూడుసార్లు తిరిగాడు. కనబడ్డవాళ్లనల్లా వేలం ఎప్పుడని అడిగాడు. నాలుగోసారి తిరుగుతుండగా మార్కెట్ అధికారి ఒకాయన రెక్క పట్టుకున్నాడు.

"ఓ తెల్లంగి! రైతువేనా?"

"రైతునే సార్. నలభై బస్తాలు..."

"బస్తాల ముచ్చట తర్వాత. సారుకు రైతుతోని శాలువా కప్పియ్యాలె. పట్టుకో."

మంత్రిగారు పొడగరి, భోజన్న పొట్టివాడు. మునివేళ్ల మీద లేచి శాలువా కప్పాడు గాని, అది భుజం మీద నిలవక జారి, కలిపిన ఇద్దరి చేతుల మీద పడింది. "సార్, గట్లనే ఉండుండ్రి!" అన్నాడు ఫోటోలాయన. కెమెరాలో లైటు వెలగలేదు. "ఇంకొక్కటి సార్!" అన్నాడు. మంత్రిగారు సాయంత్రంలోగా ఇంకా మూడు ఊళ్లలో ఇదే మాట్లాడాలి. చూపు గడియారం మీద, ఆత్రమంతా వేళ్లలో. శాలువా కింద భోజన్న ఐదు వేళ్లూ పట్టి పిసికారు, వదిలారు, మళ్లీ పిసికారు. లైటు వెలిగాక చెయ్యి గట్టిగా ఊపి వదిలేశారు.

ఆ వైపు అంగట్లో ఎడ్లైనా, పసుపైనా పాతకాలం మనుషులు బేరం చేసేది అలాగే. తువ్వాల కింద చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్లు పడితే అన్ని వేల రూపాయలు. ఊపి వదిలితే బేరం ఖాయం. ఆ ధర పైకి చెప్పడం మర్యాద కాదు. ముప్పై ఏళ్లుగా అలాగే అమ్ముకున్న భోజన్నకు ఆలోచించే పని పడలేదు. చెయ్యే చదువుకుంది. ఐదు వేలు!

తూలుతూ వేదిక దిగాడు. అంకాపూర్‌లో ఉండే బావమరిది బుచ్చన్న అడ్డం వచ్చాడు. అతని ఇంట్లోనూ అరవై బస్తాలున్నాయి.

"ఏం బావా, మంత్రి చేతిల ఏం బెట్టిండు?"

"చేతిల మాట నోటితోని జెప్తరార?"

"అంటే బేరమైనట్టేనా? మూడా? నాలుగా?"

భోజన్న సంచిలో పసుపు కొమ్ములు సర్దుకున్నాడు.

"ఐదా?"

భోజన్నకు దగ్గు వచ్చింది. బుచ్చన్నకు ఆ దగ్గు చాలు. వెంటనే సెల్‌ఫోన్లో అంకాపూర్‌కు చెప్పాడు. అంకాపూర్ వాళ్లు ముప్కాల్‌కు చెప్పారు. యార్డు గేటు దాటేసరికి ఐదు ఆరైంది. బస్టాండు చేరేసరికి ఏడైంది.

మంత్రిగారి కాగితంలో పన్నెండు అంశాలున్నాయి. మూడోది చదువుతుండగా మొదటి ట్రాక్టరు పసుపు బస్తాలతో వచ్చింది. ఐదోదానికి ఇరవై వచ్చాయి. తన మాటలు వినడానికే జనం ఇంత దూరం నుంచి వస్తున్నారని ఆయన మురిసిపోయి, తొందర మరిచి, ఆరోదాన్ని రెండుసార్లు చదివారు. ఏడోది ముగిసేసరికి గేటు మూసుకుపోయింది. కారు కదలడానికి సందు లేదు. పి.ఏ. పోయి కనుక్కుని, ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"సార్, మీరు పసుపు కొన్నారట."

"నేనా? ఎంతకు?"

"అది చెప్పరట సార్. మీ చేతికే తెలుసట."

భోజన్నను పట్టుకొచ్చారు. ఈ బేరం ఉత్తదైతే ఇన్ని ఊళ్లవాళ్లు కలిసి తంతారు. వాళ్లు మిగిల్చింది లసుమవ్వ చూసుకుంటుంది.

"ఏం పెద్దాయనా, నేను నీకేం చెప్పిన?" అన్నారు మంత్రిగారు.

"నలుగుట్ల జెప్పరాదు సార్. చెయ్యియ్యుండ్రి."

మంత్రిగారు ఒక్క క్షణం చూసి పకపకా నవ్వారు. "మా నాయిన గూడ అంగట్ల ఎడ్లమ్మిండు లే," అని శాలువా తానే కప్పారు. యార్డంతా ఊపిరి బిగబట్టింది. శాలువా కింద మంత్రిగారు రెండు వేళ్లు పట్టారు. రెండు వేలు. భోజన్న ఐదు వేళ్లూ ముందుకు తోశాడు. మంత్రిగారు మూడింటిని మడిచి మళ్లీ రెండే పట్టారు. మార్కెట్ ధరే! ఇందాకటి ఐదు బేరం కాదు, ఉత్త చెయ్యి పిసుకుడేనన్నమాట. చెయ్యి లాక్కుని, బేరం కుదరనివాడు అనే మాటే అన్నాడు.

"కుదరది సార్. గది నాకు సాలది."

పక్కకు వచ్చి తల పట్టుకుని కూలబడ్డాడు. రాత్రి ఏ అరుగు మీద పండాలో ఆలోచిస్తున్నాడు.

జనం ఆలోచన వేరేగా ఉంది. మంత్రి పెట్టింది ఐదో ఏడో అని అందరికీ తెలుసు. ఆ ధరే చాలదని ఈ పొట్టివాడు మంత్రి ముఖం మీద చెప్పాడంటే, ధర ఇంకా పెరుగుతుందన్న లోపలి కబురు ఏదో వీడికి అందే ఉండాలి. ముందు వరుసలో ఉన్న కాశీరాం సేటు కుర్చీ తన్నేసి, తువ్వాల దులుపుకుంటూ ఉరికాడు.

"భోజన్నా, మంత్రులు ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు. నేను ఈడనే ఉంటగద! చెయ్యి దే."

సేటు మూడు వేళ్లు పట్టాడు. భోజన్నకు భయంతో చెయ్యి బిగుసుకుపోయింది, ఊపడానికి రాలేదు. అది పొగరనుకుని సేటు నాలుగో వేలు సగానికి పట్టాడు. మూడున్నర. అప్పటికీ కదలిక లేకపోతే తానే ఊపి వదిలేశాడు.

అది చూసి మిగతా సేట్ల తువ్వాలలన్నీ భుజాల మీంచి దిగాయి. ట్రాక్టర్లు తక్కెళ్ల వైపు తిరిగాయి. దారి తెరుచుకుంది, మంత్రిగారి కారు దుమ్ము లేపుకుంటూ పోయింది.

"ఎంతకు తెంపినవ్?" అంది లసుమవ్వ గుమ్మంలోనే. భోజన్న ఆమె కొంగు కింద చెయ్యి పెట్టి మూడున్నర చెప్పాడు.

"నిజమా! మరి మంత్రి ఎంతిస్తనన్నడు?"

అతను రెండు వేళ్లు పట్టాడు. లసుమవ్వ బయటికి తొంగి చూసి తలుపు దగ్గరికి వేసింది. "గీ ముచ్చట బుచ్చిగానికి గూడ జెప్పకు," అని, బస్తాల మధ్యనే చతికిలబడి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

మరునాడు పేపర్లో మంత్రిగారి ఫోటో పడింది: కొత్త సంవత్సరంలో పసుపు రైతుకు మంచి ధర ఇప్పించడమే తన మొదటి ప్రాధాన్యమని, చెప్పిన గంటలోనే చేసి చూపించానని ఆయన అన్నారట. కాని ఆయన కాగితంలో పసుపు పన్నెండోది, అక్కడిదాకా ఆయన చదవనే లేదు.

ఎంకవ్వ, అరవై ఆరేళ్లు,
అప్పట్లో లసుమవ్వ పక్కింటిదాన్ని, ఇప్పుడు ధర్పల్లిలో బిడ్డ ఇంట ఉంటున్నాను.