ఓబిలేష్ పుట్టిని పట్టుకున్న శాటిలైట్

అనంతపురం జిల్లాకు సముద్రం లేదని ఎవరన్నారు? అన్నవాళ్లు వెంటనే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. శాటిలైట్ మా జిల్లాలో ఒక ట్రాలర్‌ను కనిపెట్టింది. అదీ నీళ్లలో కాదు, శింగనమల పోయే రోడ్డు మీద!

నన్నడిగితే ఈ శాటిలైట్ అంతటి మేలు మాకు ఇంతవరకూ ఎవరూ చేయలేదు. ఇన్నాళ్లూ మబ్బు కోసం మేమే పైకి చూసి మెడలు నొప్పి పుట్టించుకున్నాం. ఇప్పుడు పైనుంచి ఒకరు మమ్మల్ని చూస్తున్నారు. ఈ గౌరవం చిన్నదా?

సంగతేమిటంటే, సముద్రంలో ట్రాలర్లనే పెద్ద ఇంజన్ పడవలు ఒడ్డు దగ్గరికొచ్చి వలలీడ్చి, పిల్లచేపలతో సహా ఊడ్చుకుపోతాయి. ఆ దొంగవేటను పట్టుకోవడానికి పడవలకు జీపీఎస్ డబ్బాలు బిగించి శాటిలైట్‌తో కనిపెడతారు. మంచి పనే. కాలువ నీళ్లొచ్చి మా ఊరి చెరువు నిండగానే, ఆ మంచి ఇక్కడ మాత్రం ఎందుకు జరగకూడదని ఎవరో పెద్దాయనకు తోచింది. ఇంజన్ పడవ చెరువు నడిమధ్యనే ఉండాలని రూలు పెట్టి, రెండు డబ్బాలు పంపారు. ఒకటి చేపల కాంట్రాక్టర్ సురేంద్ర ఇంజన్ పడవకు. రెండోది ఓబిలేష్ పుట్టికి.

పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పెద్దబుట్ట లాంటి పడవ. ఓబిలేష్, అతని భార్య నల్లమ్మ బతికేది దానిమీదే. అయితే కంప్యూటర్‌కు పుట్టికీ ఇంజన్ పడవకూ తేడా తెలియదు. డబ్బా ఉన్నదల్లా దానికి ట్రాలరే. అలా మా ఓబిలేష్ పైసా ఖర్చు లేకుండా ట్రాలర్ ఓనరయ్యాడు!

వేట అయ్యాక ఓబిలేష్ పుట్టిని ఒడ్డున వదలడు. నెత్తిన బోర్లించుకుని శింగనమల రోడ్డు వెంట ఇంటికి తెచ్చి గోడకు ఆనిస్తాడు. శాటిలైట్ ఊరుకుంటుందా? నోటీసు వచ్చింది. "మీ నౌక హద్దు దాటి ఒడ్డుకు వచ్చినది. అంతటితో ఆగక టీ కొట్టు వద్ద లంగరు వేసినది. పిదప మీ పెరట్లో ప్రవేశించినది. మీ వేట లైసెన్సు ఎందుకు రద్దు చేయరాదో తెలుపగలరు." పెరట్లో వల వేశాడని రాయకపోవడం అధికారుల మంచితనం.

తోడుగా నేనూ మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లాను.

"సార్, నేను పుట్టిలో లేను. పుట్టే నా నెత్తి మింద ఉండాది" అన్నాడు ఓబిలేష్.

అధికారి ఓపిగ్గా కంప్యూటర్ అంతా వెతికాడు. "అలాంటి ఆప్షన్ లేదయ్యా" అన్నాడు. నిజమే, మనిషి పడవను మోస్తాడని ఏ ఇంజనీరు మాత్రం ఊహిస్తాడు?

మరి సురేంద్ర సంగతి? "ఆయన రికార్డు ఆదర్శం. నడిమధ్య నుంచి గజం కూడా కదల్లేదు" అన్నాడు అధికారి. కదలదు మరి! సురేంద్ర తన డబ్బాను ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ముకు కట్టి, కదలకుండా తాడుతో ఒక రాయి వేలాడదీసి, చెరువు నడుమ వదిలాడు. డ్రమ్ము చాలా నిజాయితీగా ఉంటోంది. పడవ మాత్రం రోజూ ఒడ్డు వెంబడి వల ఈడుస్తోంది.

ఓబిలేష్ లైసెన్సు రద్దయింది. చెరువులో దొంగవేట పూర్తిగా ఆగిపోయిందని రిపోర్టు కూడా వెళ్లింది. ఓబిలేష్ ఇప్పుడు సురేంద్ర పడవలోనే కూలికి పోయి, ఒడ్డు వెంబడి వల ఈడుస్తున్నాడు. ఉపాధి కల్పన కూడా శాటిలైట్ ఖాతాలోనే వేయాలి.

మొన్న చెరువుగట్టు మీద నల్లమ్మ కనిపించింది. చేతిలో వేలెడంత పిల్లచేపలు, అన్నీ చచ్చినవే.

"చూడన్నా, ఇవి పెద్దయితేనే గదా వచ్చే ఏడు మాకు బువ్వ! నా మొగుని చేతనే చంపిస్తాండారు. పైనుండేదానికి కనపడకపోతే పాయె, గట్టు మింద నిలబడి నేను చూస్తాండా గదా. నా కండ్లు కండ్లు కావా?"

నేరుగా ఆఫీసుకు పోయాను. ఆ ఆఫీసు మేడ మీద ఉంది, కిటికీ తెరిస్తే చెరువంతా కనిపిస్తుంది. సురేంద్ర పడవ అప్పుడు కూడా ఒడ్డు వెంబడే వల ఈడుస్తోంది. ఒక్కసారి కిటికీ తెరిచి చూడమని అధికారిని బతిమాలాను.

కుదరదన్నాడు. తెరిస్తే వెలుగు పడి, కంప్యూటర్‌లో చెరువు సరిగా కనపడదట.